పసుపు కుంకుమ పొలం, రెండో సంతకం

ఏమండీ,

అన్నం, దోసకాయ పప్పు బల్ల మీద ఉన్నాయి. తిన్నాక బీపీ మాత్ర వేసుకోండి.

నేను విల్లు రాయించడానికి పామర్రు రిజిస్ట్రారాఫీసుకి వెళ్తున్నాను. మా నాన్న పసుపు కుంకుమ కింద నాకిచ్చిన అరెకరం, నా తర్వాత, నయంకాని జబ్బువాళ్ళకి నొప్పి తగ్గించి చూసుకునే, మా అక్క కన్నుమూసిన హాస్పిస్‌కే. "చచ్చేవాళ్ళకి పొలమెందుకే" అని పొద్దున కేకలేసి వెళ్ళిపోయారు. ఇంట్లో నొప్పికి గోడకేసి తల కొట్టుకున్న అక్క, అక్కడ ఆఖరి రోజుల్లో "మీ ఆయన కాఫీ కంటే ఈ మందే తియ్యగా ఉందే" అని నవ్వింది. ఆ నవ్వు మీరూ విన్నారు.

ఒక సాక్షి ఎదురింటి జ్ఞానేశ్వరి గారు. రెండో సంతకం చోటు మూడింటిదాకా మీకోసం ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత అక్కడ ఎవరుంటే వాళ్ళని అడుగుతాను.

రమ

వస్తే కళ్ళజోడు తెచ్చుకోండి. చదవనివ్వకుండా సంతకం పెట్టించానని జన్మంతా దెప్పుతారు.