మూడు చుక్కల చోట

ఆగస్టు 4, 2013
స్వరూపక్క పోయి నెల దాటింది. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీని ఇంకా ఎవరూ జరపలేదు. స్కూలు పత్రికకు ఆమె గురించి ఒక పేజీ రాయమన్నారు హెడ్‌మాస్టర్. 'పదేళ్లు ఇద్దరూ కలిసి తెలుగు చెప్పారు, మీరే రాయాలమ్మా…'

ఆగస్టు 6
రాశాను. ఒక్క గుక్కలో. కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు.

ఆగస్టు 7
దిద్దుతున్నా. ఆమె నేర్పిన పద్ధతే — పైకి చదవాలి. ఊపిరి ఆగిన చోట కామా, మాట తెగిన చోట ఫుల్‌స్టాప్. చదువుతుంటే గొంతు నాది కాదు. భుజం వెనక నిలబడి ఆమే చదువుతున్నట్టు… తిరిగి చూశాను. కిటికీ, ఎండ, నాచారం రోడ్డు మీద బస్సు హారన్.

ఆగస్టు 8
ఆశ్చర్యార్థకాలు ఏడు. అన్నీ కొట్టేశాను. ఉంటే నవ్వేది — 'ఏందే సుజాతా, గిన్ని కర్రలు పాతినవ్? మెల్లగ జెప్పినా వింటరు.'

ఆగస్టు 10
ఒక్క వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోతోంది. 'ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది… నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది.'
మధ్యలో మూడు చుక్కలు. చదివేవాళ్లకు దుఃఖంలా కనిపిస్తాయి. వాటి కింద ఉన్నది ఒక గంట.

ఆగస్టు 11
చుక్కలు తీసి కామా పెట్టాను. ఫోన్ పెట్టగానే పరుగెత్తినట్టుంది. అబద్ధం. ఫుల్‌స్టాప్ పెట్టాను. రెండు వాక్యాల మధ్య తెల్లటి జాగా. అందులోంచి ఆమె — 'జర వస్తవా? ఛాతీల పట్టేసినట్టున్నది. ఇంట్ల ఎవ్వరు లేరు.'
'పది నిమిషాలల్ల వస్త అక్కా' అన్నాను. గ్యాస్ అనుకున్నాను. యూనిట్ టెస్ట్ పేపర్లు ముందున్నాయి. కట్ట మొత్తం దిద్దాకే లేచాను. మల్లాపూర్‌లో వాళ్లిల్లు ఆటోలో పది నిమిషాలే. తలుపు తీసే ఉంది. గడప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక కాలికే చెప్పు. ఎంతసేపు ఎదురుచూసిందో.

ఆగస్టు 12
రాశాను. చుక్కలున్న చోట ఇప్పుడు నాలుగు వాక్యాలు. పొట్టివి. 'పది నిమిషాల్లో వస్తానన్నాను. గంటకు వెళ్లాను.' కామాతో కలుపుదామనిపించింది — మెత్తబడుతుందని. కలపలేదు.
పైకి చదవబోతే గొంతు రాలేదు. ఆమెదీ రాలేదు.

ఆగస్టు 13
అక్క భర్తకు, బావకు చూపించకుండా అచ్చుకు ఇవ్వలేను. ఉప్పల్‌లో ఆయన మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. మెట్రో గుంతల దుమ్ము షెడ్డంతా. చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. వాక్యం వాక్యం వేలు పెట్టి చదివాడు. ఒకచోట వేలు ఆగింది.
'గంటనా?'
తల ఊపాను.
'నువ్వు ఉరికొచ్చినవని అందరికి జెప్పిన గదా… మా అత్తకు గూడ.'
కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండి పక్కన కూర్చుని మళ్లీ పానా పట్టుకున్నాడు.

ఆగస్టు 15
జెండా వందనం. బావ ఫోన్ లేదు.

ఆగస్టు 17
పత్రిక ప్రెస్సుకు పోవాలంటున్నారు హెడ్‌మాస్టర్. దిద్దిన ప్రతి అదొక్కటే. ఫోన్ చేశాను. చాలాసేపు మోగి, ఎత్తాడు. కాగితం కావాలని అడగలేకపోయాను. ఆయనే అన్నాడు — 'ఇంకా సదువుతున్న.'
ఒక్క పేజీ. నాలుగు రోజులు.