స్కిప్ బటన్ లేని సీను

జూలై 4
గొడుగు కింద కూర్చుని ఇంటర్వ్యూలిచ్చే ఆ డైరెక్టర్ కొత్త వీడియో గేమ్ మీద ఈరోజు వీడియో పెట్టాను. ఆయనకు కథ చెప్పడం రాదని తేల్చేశాను. జబ్బుపడిన మొగుడి మంచం పక్కన భార్య నలభై నిమిషాలు కూర్చునే సీను ఉంది. ఆడేవాళ్లకు తడిగుడ్డ మార్చడం తప్ప పని లేదు. స్కిప్ బటన్ కూడా లేదు. దాన్ని ఏకిపారేశాను.

నేను ఆడింది రెండు గంటలే. ఆ సీను దాకా పోలేదు. ఎవరో రాసింది చదివి చెప్పాను. ఎడిటింగ్ చేసే తమ్ముడు భరత్‌కు కూడా ఈ సంగతి తెలియదు.

జూలై 5
ఆత్మకూరులో మేడమీద గదిలో నడిచే నా యూట్యూబ్ ఛానెల్‌కు నలభై వేల వ్యూస్! కామెంట్లలో యుద్ధం. సగం మందికి ఆయన జీనియస్, సగం మందికి నిద్రమాత్ర.

జూలై 7
శాంతికుమార్ పెద్ద మెసేజ్ పెట్టాడు. బీటెక్‌లో నా క్లాస్‌మేట్, ఇప్పుడు ఉదయగిరిలో లెక్కల టీచర్. వాళ్లమ్మ ఎస్తేరమ్మ మంచాన పడిన మూడు నెలలూ తనూ ఆ సీనులో లాగే కూర్చున్నాడట. చివరి రోజు ఆమె జెస్సీ, జెస్సీ అని వీడి చెల్లెల్ని పిలుస్తూనే ఉందట. నర్సింగ్ పరీక్షలు పాడవుతాయని వీడు జెస్సీకి ఫోన్ చేయలేదు. వస్తా ఉండాదిమా అని సాయంత్రం దాకా ఆమెకు అబద్ధం చెప్పాడు. ఇది ఎవరికీ చెప్పలేదు లిఖితా, ఆ సీను నాకెందుకు నచ్చిందో నీకు తెలియాలని రాసినాను అన్నాడు.

జూలై 8
ఆ మెసేజ్‌ను రెండో వీడియోలో చదివాను. పేర్లు తీసేశాను. ఏడుపు గొంతు పెట్టి చదివాను. వెనక వయొలిన్ వేయించాను. ఇది అవసరమా అక్కా అన్నాడు భరత్. ఫన్ రా, వాడేమీ అనుకోడులే అన్నాను.

జూలై 9
తొంభై వేలు.

జూలై 11, సాయంత్రం 5
జెస్సీ ఫోన్ చేసింది. నెల్లూరు హాస్టల్‌లో ఎవరో నవ్వుకుంటూ వీడియో చూపించారట. ఉదయగిరి ఫ్రెండ్ అని అందులో నేనే నోరు జారాను. పరీక్షల మాట వినగానే గుర్తుపట్టింది.

మా అమ్మ నన్ను పిలిచినాదా అక్కా, నిజమేనా అని అడిగింది. తిట్టలేదు. అవునని చెప్పడానికి నేనెవరిని? లేదని ఎలా చెప్పను? ఆమే ఫోన్ పెట్టేసింది.

జూలై 12
వీడియో తీసేశాను. అప్పటికే ఎవరెవరో ముక్కలు చేసి పెట్టుకున్నారు. నా ఏడుపు గొంతు రీల్స్‌లో తిరుగుతోంది.

జూలై 13, ఆదివారం
ఉదయగిరి బస్సెక్కాను. శాంతికుమార్ అప్పుడే చర్చి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. క్షమించమన్నాను. గేమ్ నచ్చకపోతే కొట్లాడుకుందుము, దాందేముంది, నేను రాసింది మా అమ్మ గురించి గదా అన్నాడు. జెస్సీ రెండు రోజులుగా అతని ఫోన్ ఎత్తడం లేదట.

ఆ సీను నేను చూడనేలేదని అప్పుడు చెప్పేశాను. చూడకుండానే నవ్వినావా అన్నాడు. తర్వాత లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

జూలై 16
ఆ సీను ఆడాను. పావుగంటకే విసుగొచ్చింది. నాకిప్పటికీ నచ్చలేదు. నచ్చి ఉంటే బాగుండేది. సిగ్గు కొంచెమైనా తగ్గేదేమో.

జూలై 17
కెమెరా ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆడకుండానే తిట్టానని, నన్ను నమ్మి రాసిన మాటల్ని నవ్వులపాలు చేశానని. కొందరు డ్రామా అన్నారు. ఛానెల్ మూసేస్తానంటే భరత్ వద్దనలేదు. నా పక్కన కూర్చున్నాడంతే.

జూలై 20
జెస్సీ ఫోన్. నీ ఏడుపు గొంతే చెవుల్లో తిరగతా ఉండాది అక్కా, అన్న రాసింది రాసినట్టు ఒకసారి నాకు చదువు అంది. అన్న సరేనన్నాడట.

చదివాను. రెండుచోట్ల ఆగిపోయాను. అమ్మ పిలిచిన చోటు మళ్లీ చదవమంది.