మన ఇంటి ఫోన్ మళ్లీ మోగింది

తమ్మీ,

మంచుచరియ విరిగిపడి నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. నువ్వు పెట్టిన కేసు ఇవాళ గెలిచాం.

సైన్యంలో నీకు హవల్దార్‌గా ప్రమోషన్ వచ్చిందని బాపు శంషాబాద్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించి, నీ ఫొటో కింద ఇంటి ఫోన్ నంబరు కూడా వేయించాడు కదా. పొలం అమ్మనన్నావని పగబట్టిన ఆ ప్లాట్ల బ్రోకరు ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. నీ యూనిట్ పేరు, నీ పాప చదివే బడి పేరు కలిపి, "ఇంట్ల ముసలాయన, ఆడోళ్లే ఉన్నరు" అని రాశాడు. ఎవరెవరో ఫోన్ చేసి బెదిరిస్తుంటే పడలేక వైరు పీకేశాం. పాప ఫోన్ వైపే వెళ్లడం మానేసింది.

విచారణలో బ్రోకరు తరఫు వకీలు బాపును నిలదీశాడు. "నంబరు మీరే నలుగురికీ చూపించుకున్నారు కదా?"

బాపు తడుముకోలేదు. "కొడుకును జూసి మురిసి ఏసుకున్నం సార్. ఈయన మా మీదికి మందిని ఉసిగొల్పనీకి ఏసిండు. రెండూ ఒక్కటెట్లయితయి?"

జడ్జి తీర్పులో ఆ మాటే రాశారు. బ్రోకరుకు జైలుశిక్ష పడింది.

ఇంటికి రాగానే వైరు పెట్టాం. కాసేపటికే ఫోన్ మోగింది. నేను లేచేలోపే నీ పాప ఉరికి ఎత్తి, సెలవుల్లో నువ్వు నేర్పినట్టే గట్టిగా చెప్పింది.

"హలో, హవల్దార్ నర్సింహ ఇల్లు. ఎవరు మాట్లాడేది?"

మీ అక్క