రుక్మిణికి వచ్చిన ఫెలోషిప్పు

బచేలి, సోమవారం

భద్రమ్మక్కకి తమ్ముడు వెంకటనారాయణ దండాలు. నీ బిడ్డ రుక్మిణి, మేము అందరం బాగున్నాం, బెంగపెట్టుకోకు.

దానికి విశాఖ యూనివర్సిటీ కాలేజీలో రీసెర్చ్ ఫెలోషిప్పు వచ్చింది. మూడేళ్లు అక్కడే ఉండి మన సంతల్లో కొలతల మీద పరిశోధన చేస్తుంది. ఖర్చులకు నెలనెలా వాళ్లే ఇస్తారు. ఎంపిక చేసే ప్రొఫెసరు పోయిన నెల మన సంతకే వచ్చాడు. నేను ఇప్పపువ్వు కొలుస్తుంటే అంకె వినపడ్డప్పుడల్లా ఒక గీత గీశాడు. ఐదు మానికలకి నాలుగే గీతలు పడ్డాయి. రుక్మిణి తొంగిచూసి, "ఒకటి తప్పింది సార్. మా మామ మొదటి మానికని ఒకటి అనడు, లాభం అంటడు. రెండు కాడి నుంచే అంకెలు" అంది. ఆయన నవ్వి, "ఇన్ని సంతలు తిరిగాను, ఎవరూ చెప్పలేదమ్మా" అని పాత పేజీలన్నీ దిద్దుకున్నాడు.

ఎమ్మే చాలు, ఇంటికి రమ్మన్నావు. "అమ్మ వద్దంటే పోను మామా" అని అది ఫెలోషిప్పు ఆర్డరు మడిచి పెట్టెలో పెట్టేసింది. ఒకటో తారీఖుకి చేరాలి. నేనే రైల్లో తీసుకెళ్లి హాస్టల్ గది చూసి వస్తా.

మిరపకాయలు ఎండాయా? గేదె ఈనిందా? బావకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

విశాఖలో చలి ఉండదు గానీ కొత్త చోట నువ్వు కుట్టిన బొంత లేకపోతే రుక్మిణికి నిద్రపట్టదు. నీకు సమ్మతమైతే బస్సు డ్రైవరు రామనర్సయ్య చేత ఆ బొంత పంపు. జవాబు రాయనక్కర్లేదు.