కొంగకే చుక్క

ఏలూరు,
14-07-2024.

ప్రియమైన జాయ్సీకి,

నీ స్నేహితురాలు ప్రసన్నలక్ష్మి నమస్కారాలతో వ్రాయునది. ఇక్కడ నేనూ, మావారూ, తేజస్వీ కులాసా. కొల్లేటి గాలికి నువ్వూ, దేవదానం గారూ మరింత కులాసాగా ఉండే ఉంటారు, అడగక్కర్లేదు. ఫోను చేతిలో ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు మెత్తగా మాట్లాడతావు, నేను చెప్పదలుచుకున్నది మింగేస్తాను. పైగా ఏడో తరగతికి లేఖారచన చెబుతున్నాను. తేదీ వేయడం మరిచిపోయిన పిల్లలకి అర మార్కు కోసే మనిషిని, నేనూ ఒకటి రాయాలి కదా.

విషయం నీకు తెలిసిందే. ఏడో తరగతి చుక్క.

తాడేపల్లిగూడెంలో మన తెలుగు టీచర్లందరం కూర్చుని పిల్లల కోసం పద్యాల పుస్తకానికి ఎంపిక చేసిన రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆరుకీ ఎనిమిదికీ చుక్క పెట్టే పద్యం ఇట్టే తేలిపోయింది. ఏడుకి వచ్చేసరికి నువ్వు తెచ్చిన కొంగ గేయం, నేను తెచ్చిన మబ్బుల పద్యం మిగిలాయి. చుక్క పడ్డదాన్ని మన బళ్ళలో పిల్లలంతా కంఠస్థం చేసి అప్పచెప్పాలి. చుక్క లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు? పరీక్షలో రాదని తెలియగానే పేజీ తిప్పేస్తారు.

ఆ రోజు పుస్తకం బాధ్యత నెత్తికెత్తుకున్న మన మూర్తిగారు ముందే ఒక మాట అన్నారు. సొంత కవిత్వాలు మాత్రం తేకండి బాబూ, తెలుగు మాస్టారన్నాక ఇంట్లో ఒక శతకమన్నా ఉంటది, అవన్నీ వేస్తే పుస్తకం మొయ్యడానికి ఆకివీడు చేపల లారీ కావాలి అని. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ తర్వాత ఆయన నా మబ్బుల పద్యం రాగం తీసి చదివారు. గదంతా నిశ్శబ్దంగా విన్నది. అప్పుడు నువ్వు లేచి, బాగానే ఉందండీ, కానీ అంబుదం అంటే మా పిల్లలకి ఏం కనపడుద్దండీ, ఇది రాసినాయన ఎప్పుడూ ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఉండడండీ అన్నావు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నువ్వు ఎప్పుడూ అంతే జాయ్సీ. ట్రైనింగులో నేను ఛందస్సు అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. నువ్వు గణాలు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ తడబడేదానివి. తీరా పాఠం చెప్పమంటే పిల్లలు నీ చుట్టూ మూగేవాళ్ళు. నాకు అసూయగా ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచడమెందుకు? పోనీ మనసారా తిట్టుకుందామంటే అదీ కుదరనివ్వవు. ఆ రోజు అందరికీ కొరమేను పులుసు తెచ్చి, మేము చేపలు తినమని గుర్తుపెట్టుకుని నాకు విడిగా పులిహోర కలిపి తెచ్చావు. అది బాగుండటం ఇంకో బాధ.

చివరికి మూర్తిగారు, నీకు రెండు సెక్షన్లున్నాయి కదమ్మా ప్రసన్నా, ఒకదానికి ఇదీ ఒకదానికి అదీ చెప్పి చూసి, ఏదో నువ్వే తేల్చు, నీ మాటే ఖాయం అన్నారు. నీ ఎదుటే అన్నారు. నువ్వు సరేనన్నావు. నిజం చెబుతున్నాను, ఇంటికి వచ్చే బస్సులోనే నేను తేల్చేసుకున్నాను. ఏం చూసినా మబ్బులకే చుక్క అని.

ఎ సెక్షన్‌కి మబ్బులు ప్రాణం పెట్టి చెప్పాను. రాగం, భావం, ప్రతిపదార్థం అన్నీ. బి సెక్షన్‌కి నీ కొంగని గబగబా చదివేసి చేతులు దులుపుకున్నాను. ఎ సెక్షన్ పిల్లలు చక్కగా అప్పచెప్పారు, కూర్చున్నారు, మరిచిపోయారు. బి సెక్షన్ వాళ్ళు భోజనాల దగ్గర పళ్ళేలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టారు.

ఎ సెక్షన్‌లో సింధూరి అని ఒక పిల్ల ఉంది. పెదపాడు అవతలి నుంచి ఆటోలో వస్తుంది, నోరు విప్పదు. మొన్న మబ్బుల పద్యం రాలేదని దాన్ని నిలబెట్టాను. అది మెల్లగా ఒక కాలు పైకెత్తి అందుకుంది:

కొంగా కొంగా, నీళ్ళలో నిన్ను
ఒంటికాలి మీద ఎవరు నిలబెట్టారే?
లెక్క చేయలేదా? పద్యం రాలేదా?

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఆ పిల్ల గొంతు వినడం నాకు అదే మొదటిసారి. నేను వాళ్ళకి చెప్పని గేయాన్ని పక్క సెక్షన్ స్నేహితురాలి దగ్గర నేర్చుకుందట. నేను అన్ని రోజులు చెప్పింది మాత్రం ఒక్క ముక్క రాలేదు.

ఇంటికి వస్తే ఇక్కడా అదే. నువ్వు రాగం కోసం పంపిన వాయిస్ మెసేజ్ తేజస్వి విన్నది. ఇప్పుడు స్నానాల గదిలో కొంగ, పుస్తకాలు సర్దుతుంటే కొంగ. జాయ్సీ ఆంటీ ఇంకేమన్నా పంపారా అమ్మా అని అడుగుతుంది. బీరువాలో నాకు వచ్చిన షీల్డులు వరసగా ఉన్నాయి, దానికి జాయ్సీ ఆంటీ కావాలి.

ఇందాక మూర్తిగారికి ఫోన్ చేశాను. ఏడో తరగతి చుక్క కొంగకే పెట్టమని చెప్పాను. అలా అనే ముందు చాలాసేపు ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాను, నోరు రాక. సంతోషంగా చెప్పానని మాత్రం అనుకోకు. నీ గేయం బాగుంది, నాకు కడుపు మండుతోంది, రెండూ నిజమే. దేవదానం గారికి నమస్కారాలు చెప్పు. ఆ పులిహోరలో ఏం వేశావో కూడా రాయి.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
ప్రసన్నలక్ష్మి

తా.క. ఆ మబ్బుల పద్యం పాత పత్రికలో దొరికిందని మీ అందరికీ చెప్పాను. పత్రికా లేదు, ఏమీ లేదు. రాసినాయన కాదు జాయ్సీ, రాసినావిడ. నేనే. పోయిన వర్షాకాలం తేజస్వికి జ్వరం వచ్చినప్పుడు, దాని తల నా ఒళ్ళో పెట్టుకుని రాశాను. మబ్బులు ఎక్కడికెళ్తాయమ్మా అని అది అడుగుతూనే ఉంది, నేను గణాలు సరిచూసుకుంటూ, ఉండవే అన్నాను.