సిమెంటు మీద నాన్న గుర్తు

అమ్మకు, అన్నెలీస్ నమస్కరించి రాయడం. ఇక్కడ నేను, నీ అల్లుడు బేట్, పిల్లి కులాసా. చౌరస్తాలో ఫౌంటెన్ ఒక్కటే కులాసాగా లేదు. థూన్‌లో పిన్ని దగ్గర నీ మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించిందని తలుస్తాను.

ఫౌంటెన్ స్తంభం మీది జెండా పట్టుకున్న సిపాయి బొమ్మను దించారా అని అడిగావు. దించాం. ముక్కు ఊడిపోయింది, కొత్తది చెక్కుతున్నాను. పక్కింటి హేడీ అవ్వ రోజూ వచ్చి, "ఏమే, తొందరగా కానియ్! ముక్కు లేని మగాణ్ణి నేను చేసుకోను" అంటుంది. అందరూ నవ్వుతారు. నాకే నవ్వు రావడం లేదు. స్తంభానికి వేసిన సున్నం అతుకు గట్టిపడాలంటే ఇంకా రెండు వారాలు కావాలి. ఈలోగా గట్టి మంచు కురిస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది. రోజుకు పదిసార్లు దాని మీద కప్పిన తడి గోనెలు ఎత్తి చూసుకుంటున్నాను.

ఇక నీ రెండో ప్రశ్న. స్తంభం నాన్న వల్లే పగిలిందని ఊళ్ళో అనుకుంటున్నారట, నిజమేనా అన్నావు. అనుకోవడమే కాదు, మరమ్మతు కమిటీ నివేదికలో రాస్తున్నారు కూడా. కమిటీ పెద్ద ఎగెర్టర్ గారు నన్ను పిలిచి, "పోయినాయన మీద నింద వెయ్యాలని కాదమ్మా. సిమెంటు మీద ఆయన గుర్తే ఉంటే నన్నేం చెయ్యమంటావు?" అన్నారు.

ఎవరు వేసిన అతుకు మీద వాళ్ళ గుర్తు చెక్కాలి, పగిలితే వాళ్ళే జవాబు చెప్పాలి. మా రాతిపనిలో రివాజు నీకు తెలిసిందే.

అమ్మా, ఆ అతుకు నాన్నది కాదు. నాది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నాన్న జ్వరంతో పడుకున్నాడు. శనివారం పిల్లల జెండా పండుగ. సున్నమైతే అప్పటికి ఆరదు, ఫౌంటెన్‌లో నీళ్ళు వదలలేం. పాలవాడి కొట్టం కట్టగా మిగిలిన సిమెంటు తెచ్చి స్తంభం బీటలో నింపేశాను. మెత్తటి ఇసుకరాయికి సిమెంటు పెడితే నీరు బయటికి పోలేక లోపలే గడ్డకట్టి రాయిని చీలుస్తుందని తెలియనిదాన్ని కాదు. తొందర. పైగా గొప్పగా నా గుర్తు కూడా గీశాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాన్న పట్టాడు. పండుగ మర్నాడు చూస్తే నా గుర్తు లేదు, దాని మీద ఆయనది చెక్కి ఉంది. "ఇప్పుడు తీస్తే రాయి ఊడొస్తుంది. ఇంటికి పద, సూపు చల్లారిపోతుంది" అన్నాడు, అంతే. మూడో చలికాలానికి స్తంభం పగిలింది. ఊరి పనులు ఆయనకివ్వడం మానేశారు. ఎందుకని నువ్వు అడిగితే, "వయసైపోయిందిలే" అన్నాడు. నేను బల్ల అవతలే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఈనాటికీ నన్ను తింటోంది.

గురువారం సాయంత్రం సభలో లేచి చెప్పేస్తాను. పని నా చేతిలోంచి తీసేస్తారేమోనని భయం. అంతకంటే నువ్వేమంటావోనన్న భయం ఎక్కువ. అందుకే నీకు ముందు రాస్తున్నాను.

నాన్న గుర్తున్న సిమెంటు ముక్కను పగలకుండా తీశాను. గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొత్త అతుకు మీద నా గుర్తు వేశాను. ఈసారి దాన్ని చెరిపి తనది వేసేవాళ్ళు లేరు.

కోపమొస్తే రాయి. రాకపోయినా రాయి.

ఇట్లు,
నాన్న వెనకేసుకొచ్చిన నీ కూతురు
అన్నెలీస్