డాబా మీది బూస్టర్

అన్నయ్యకు,

ఇంటికి ఫోను చేస్తే అందడం లేదు. అందకుండా చేసింది నేనే కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

సందులోకి సిగ్నల్ రాక నా ఆన్‌లైన్ క్లాసులు పోతున్నాయని డాబా మీద సిగ్నల్ పెంచే ఆ బూస్టర్ బిగించింది నువ్వే. "ఇంట్లో ఒక్కరైనా చదువుకోవాలి కదే" అన్నావు.

పోయిన నెల నేను పనిచేసే ఫోన్ల కంపెనీ టవర్ పరిధిలో ఇంటర్నెట్ తెగిపోతుంటే, అడ్డు తగిలే సిగ్నల్ ఎక్కడిదో వెతకమని నన్ను పంపారు. యాంటెన్నా తిప్పుకుంటూ నడిస్తే మన సందులోకే వచ్చాను. మిగతా ఫోన్ల గొంతు టవర్‌కి వినపడకుండా మన బూస్టరే అరుస్తోంది.

"ఆ ఇల్లు ఎవరిదో తెలుసా అమ్మాయ్?" అన్నాడు సూపర్‌వైజర్.

"తెలియదు సార్."

బూస్టర్ జోరు కాస్త తగ్గించి, దాని యాంటెన్నా మొహం పక్కకు తిప్పితే సరిపోయేది. ముందు నీకు చెప్పాల్సింది. అన్నను వెనకేసుకొచ్చిందంటారని భయపడి, కాగితం మీద "తొలగించాలి" అని రాసి సంతకం పెట్టాను.

బూస్టర్ విప్పుకుపోవడానికి వచ్చినవాళ్లు ఆ కాగితం చేతికిస్తే, దాన్ని వాళ్లకే చూపించి, "మా చెల్లెలి రాత. ఒక్క కొట్టివేతైనా ఉందేమో చూడండి" అన్నావట. వదిన బజారు నుంచి ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాత వాళ్లకు నిచ్చెన నువ్వే పట్టుకున్నావట.

పొద్దున సూపర్‌వైజర్‌తో, "ఆయన మా అన్నయ్య సార్" అన్నాను. ఆలస్యమైందని తెలుసు.

ఆదివారం అనుమతి ఉన్న బూస్టర్ తెస్తాను. నిచ్చెన పట్టుకోవడం నీ ఇష్టం. ఒక్కసారి నోరారా తిట్టు.

నీ చెల్లి